గుట్ట మీద ఏడో తల

చలికాలంలో తెల్లవారి తలుపు తీయగానే కొన్ని రోజులు తడిసిన బండరాతి వాసన వస్తుంది. మా వీధిలో బండలేవీ లేవు. ఆ వాసన తగిలితే నాకు గౌరమ్మక్క గుర్తుకొస్తుంది.

తొంభైల చివర్లో మూకండపల్లిలో మేముండే ఇళ్ల వరుసలో ఆమెది చివరి ఇల్లు. తళి ఊరి నుంచి బస్సులో వచ్చే పూలు కట్టి అమ్మేది. నేను ఫ్యాక్టరీలో సరుకు లెక్క చూసేవాణ్ణి. బడి చదువు ఎనిమిదితో ఆగింది. శాతాలు, నిష్పత్తులు పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. ఆ గర్వం కొంచెం ఉండేది. దాన్ని కనిపెట్టి ఆమె నాకు లెక్కలప్ప అని పేరు పెట్టింది. "ఏమి లెక్కలప్పా, ఈ మూరలో మొగ్గలెన్నో చెప్పు చూస్తాం" అనేది. నేను నిజంగానే ఎంచబోతే మూర లాక్కుని, "ముందు వాసన చూడప్పా, తర్వాత ఎంచుదువు" అని నవ్వేది.

ఆమె పుట్టినూరు తళి పక్కన. ఊరి వెనక చిన్న గుట్ట, దాని చుట్టూ చెరువులు. ఏటా చలికాలంలో ఒక ఆదివారం మా ఇళ్ల వరుసవాళ్లను దాని మీదికి తీసుకెళ్లేది. నా పెళ్లయిన ఏడాది ఆమెతో కలిపి ఏడుగురం వెళ్లాం. ఆ ఏడుగురిలో నా భార్య రత్న కూడా ఉంది. గుట్ట నెత్తిన పాతకాలపు రాతిగూళ్లున్నాయి. మూడు బండలు నిలబెట్టి పైన ఒకటి కప్పినవి, మనిషి ముడుచుకుని కూర్చునేంత.

"ఆడ ఎవరినీ పేరు పెట్టి పిలవద్దండప్పా" అని గౌరమ్మక్క ఎక్కకముందే చెప్పింది.

"ఏమిటికక్కా?" అంది రత్న.

"పిలిస్తే పలుకుతారు."

"ఎవరు?"

"అది తెలిసుంటే భయమేముండాదమ్మా!"

అందరం నవ్వుకుంటూ ఎక్కాం. పైకి చేరిన కాసేపటికి చెరువుల మీంచి మంచు లేచింది. ముందు నీళ్లు, తర్వాత చెట్లు, చివరికి నా చేతులు కూడా కనబడకుండా పోయాయి. పక్షుల అరుపులు ఆగిపోయాయి. గౌరమ్మక్క అందర్నీ దగ్గరికి రమ్మని, తన రొమ్ము తట్టుకుని "ఒకటి" అంది. తర్వాత ఒక్కో తల తడుముతూ వచ్చింది. నా తల మూడోది. "ఏడు. సరిపోయింది, పదండి." ఒకరి బట్ట ఒకరు పట్టుకుని దిగాం. కొత్త పెళ్లి, నలుగురిలో రత్న చెయ్యి పట్టుకోవడానికి నాకు సిగ్గేసింది. వెనక ఆడవాళ్లతో వస్తోందనుకున్నాను.

కింద మంచు పలచబడింది. ఆరుగురమే ఉన్నాం. రత్న లేదు.

"ఏడు వచ్చింది కదక్కా!" అన్నాను.

ఆమె తన అరచేతిని చూసుకుంది. "వచ్చింది. ఏడో తల తాకినాను నేను."

"ఎవరినో రెండుసార్లు తాకి ఉంటావు."

"అట్లే అయ్యుంటుంది. సరిపోయిందని వచ్చేస్తిమి గదప్పా" అంటూ ఆమె అప్పటికే పైకి నడుస్తోంది. నేను వెనక పరిగెత్తాను. గూళ్ల దగ్గరికి వచ్చాక ఆగి, తానే వద్దన్న పని చేసింది. "రత్నా! ఓ రత్నా!" పక్కనే ఎవరో "ఊఁ" అన్నట్టయింది. అది రత్న గొంతు కాదు. గౌరమ్మక్క ఇంకా గట్టిగా పిలిచింది. అప్పుడు, "ఈడుండానక్కా" అని రత్న మామూలుగా పలికింది.

చెప్పు తెగితే ముడి వేసుకుందామని ఒక గూటిలో కూర్చుందట.

"భయమేయలేదా?" అన్నాను.

"ఏమిటికి? అక్క వచ్చి తల మీద చెయ్యి పెట్టి ఏడు అనె గదా. లేద్దామంటే అదిమి పట్టుకునె. ఇప్పుడు పిలిచినాకే తీసె."

మంచు విడిపోయాక చూశాం. రత్న కాళ్లకు కొంచెం అవతల బండ తెగిపోయి, కింద చెరువు నీళ్లు నల్లగా ఉన్నాయి. గౌరమ్మక్క చేతులు కొంగులో చుట్టుకుంది.

తర్వాత కూడా ఏటా ఆ గుట్ట ఎక్కాం, ఆమె పోయేదాకా. తలలు మాత్రం మళ్లీ ఎంచలేదు. ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని, ముఖం చూసి, పేరు పెట్టి పిలిచి, పలికితేనే దిగనిచ్చేది. ఆ ఏడో తల గురించి నేను ఎన్నో రకాలుగా లెక్క వేసి చూశాను. రత్నకు ఆ గోల లేదు. "ఎవరైతేనేమి, నన్ను కదలనీలేదు" అంటుంది.

ఇప్పుడు మా షిఫ్టువాళ్లను బస్సెక్కించే పని నాది. తలల లెక్క సరిపోయినా లోపలికెక్కి పేర్లు పిలుస్తాను. ఆలస్యమవుతోందని కుర్రాళ్లు గొణుగుతారు. ఆ గొణిగే గొంతు ఎవరెవరిదో ఒక్కొక్కటీ గుర్తుపట్టిన తర్వాతే తలుపు వేయిస్తాను.