అమ్మవారి ముందు ఉండిపోయిన గడ్డపార

ఇన్నేళ్లుగా నా గుండె మీద ఒక గడ్డపార బరువుంది. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఫైర్‌స్టేషన్‌లో పనిచేసేవాణ్ని. అమీర్‌పేటలో ప్రతి మేడకీ కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడిన రోజులవి. దసరాకి గొడ్డళ్లు, గడ్డపార కడిగి, కుంకుమ పెట్టి పూజ చేశాం. పూజ కాగానే అన్నీ తిరిగి ఫైరింజన్ బండెక్కాలి. నాతో పనిచేసే యాదగిరి, నాకంటే చిన్నవాడు, అన్నీ ఎక్కించాడు. ఎవరూ చూడకుండా నేను గడ్డపార దించి మళ్లీ అమ్మవారి ముందు పెట్టాను. పూజలో ఉంచిన పనిముట్టును మర్నాటిదాకా కదిలించకూడదని మా ఇంట్లో పట్టింపు. నా భార్యకు నెలలు నిండాయి. ఏం కీడు జరుగుతుందోనని భయం. అన్నీ కాకపోయినా ఒక్కటైనా ఉంచితే చాలనిపించింది. ఒక్క రోజుకి కొంపలేం మునగవులే అనుకున్నాను.

ఆ సాయంత్రమే ఫోనొచ్చింది. మైత్రీవనం వెనక సందులో ఆడపిల్లల హాస్టల్. మెట్ల కింద మంటలు ఆర్పి పైకెక్కాం. వార్డెన్ ఇనుప తలుపుకి బయట తాళం వేసి గుడికెళ్లిందట. కిటికీలకు అడ్డంగా బోర్డులు. పొగ పోయే దారి లేదు. లోపల నుంచి తలుపు బాదుతున్నారు. గడ్డపార కోసం బండి దగ్గరికి పరిగెత్తిన యాదగిరి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. చట్రం సందులో గడ్డపార దూర్చి ఎత్తితే ఊడిపోయే తలుపది. గొడ్డలితో కొడుతూనే ఉన్నాడు. లోపల చప్పుడు తగ్గింది. ఆగిపోయింది. తలుపు ఊడేసరికి ఆలస్యమైపోయింది. లోపలున్న ముగ్గురిలో ఇద్దరే బతికారు.

స్టేషన్‌కి రాగానే అమ్మవారి ముందున్న గడ్డపార చూసి యాదగిరి నా వైపు తిరిగాడు.

“అన్నా, నేను ఎక్కించిన గదా? నువ్వు సుత చూసినవ్ గదా?”

“చూళ్లేదురా. హడావిడిలో మర్చిపోయుంటావ్.”

తన చేతులకన్నా నా మాటనే నమ్మాడు.

గడ్డపార ఉంటే ఆ పిల్ల బతికేదా? తెలియదు. ఉద్యోగం పోతుందనే నోరు మూసుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను గాని, నిజం తెలిశాక యాదగిరి నన్ను చూసే చూపుకే ఎక్కువ భయపడ్డాను. ఇప్పుడు నా కూతురూ హాస్టల్లోనే ఉంటోంది. ఎక్కడ తలుపు బాదినా నాకు భయం. బాదడం ఆగితే ఇంకా భయం.

మొన్న దసరాకి స్టేషన్‌కి వెళ్లాను. యాదగిరి కొత్తగా చేరినవాళ్లకు గడ్డపార ఎత్తి చూపిస్తున్నాడు.

“పూజ అయినంక ముందుగాల గిది ఎక్కియ్యాలె. నేను ఒకపారి మరిచిన. ఒక పిల్ల పోయింది.”

చేతిలో ప్రసాదంతో అక్కడే నిలబడ్డాను. వాడి చేతిలో ప్రసాదం పెట్టి వచ్చేశాను. ఇక్కడ రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది. యాదగిరి మర్చిపోలేదు. నేనే దించాను.