తడవని చాటంత చోటు

దయ్యాల ముచ్చట్లు మొదలుపెడితే లేచి నా పని చూసుకునే మనిషిని నేను. వాటిని ఏనాడూ నమ్మలేదు. ఇది కూడా దయ్యం కథ అనుకోకండి. నా కళ్లతో చూసింది, నా చేతులతో తుడిచింది చెబుతున్నాను.

రాప్తాడు దగ్గర బండ్ల బ్రేకులు పరీక్షించే ల్యాబులో ఊడ్చి కడిగే పని నాది. పెద్ద షెడ్డులో నున్నటి టైల్స్ పరిచిన దారి ఉంది. పరీక్షకు ముందు దాన్ని నీళ్లతో తడపాలి. బండి ఆ తడి మీదికి వచ్చి గట్టిగా బ్రేకు వేసినా, చక్రం బిగుసుకుపోయి జారకూడదు. అలా జారకుండా చూసే బ్రేకు ఏర్పాటునే ఏబీఎస్ అంటారు. మా ఇంటి కొళాయికి నాలుగు రోజులకొకసారి నీళ్లు. ఇక్కడ ట్యాంకరు నీళ్లు నేలపాలు. పోస్తూ, ఎన్ని బిందెలు నిండేవో లెక్కేసుకునేదాన్ని.

ఒక సోమవారం కంప్యూటరులో గీత తప్పుగా వచ్చింది. ఒకచోట చక్రానికి ఉన్నట్టుండి పట్టు దొరుకుతోందట. వెళ్లి చూస్తే, తడి మధ్యలో చాటంత మేర పొడిగా ఉంది.

ఇంజనీరు సారు నా మీద పడ్డాడు. "ఏమక్కా, ఈడ నీళ్లు పోయలేదేం? ఇంటికి మోసుకపోతాండావా?"

"పోసినా సార్. కావాలంటే మీరే పోసి చూడండి."

డ్రైవరు మస్తానన్న పకపకా నవ్వాడు. "అక్క నీళ్లు కూడా పొదుపు సంఘంలో కట్టేసిందేమో సార్!"

శనివారంలోగా సరికాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామన్నాడు సారు.

నాలుగు రోజులు పోసిందే పోశాను. నేల వాలుగా లేదు, పగులు లేదు. అయినా ఆ చోటు తడవదు. ఏడుపొచ్చేంత కోపం. శుక్రవారం సారే బకెట్ తెచ్చి కుమ్మరించాడు. నీళ్లు అక్కడిదాకా వచ్చి, రెండుగా చీలి, పక్కలనుంచి పోయాయి. సారు టైల్స్ పీకించాడు. కింద ఉత్త కాంక్రీటు. కొత్తవి వేశారు. అవీ తడవలేదు.

చివరికి ఆ చోటును వదిలేసి, పక్కన వేరే దారి వేశారు. నా పని పోలేదు. "తప్పు నీది కాదక్కా" అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అనలేదు.

నేనూ ఒక మాట ఎవరికీ చెప్పలేదు. పనిలో చేరిన కొత్తలో ఒక్క బిందె నీళ్లు నిజంగానే ఇంటికి తీసుకుపోయాను. పిల్లలు తాగడానికి. ఆ గుబులుతోనే మొన్న మా కొళాయికి నీళ్లు వచ్చిన రోజు బిందె నిండా మోసుకొచ్చి ఆ తడవని చోట పోశాను.

అవీ పక్కలకే పోయాయి. తిరిగిచ్చినా తీసుకోకపోతే నేనేం చేయను? ఎందుకో నాకు ఈరోజుకీ తెలియదు.