ఆకుపచ్చ పట్టుదారపు కుట్టు

మా ఆయన చెంచయ్య చదివింది ఐదో తరగతి. అయినా సినిమావాళ్ళకు పాత మిలిటరీ కోటు ఏదైనా దొరికిందంటే, అది అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి నల్లపాడులో మా కొట్టుకే వస్తారు. వయసులో ఉండగా పద్దెనిమిదేళ్ళు ఎయిర్‌ఫోర్సులో పైలట్ల కోట్లు బాగుచేసిన చెయ్యి మరి. కోటు ఇవ్వగానే ముందు తిరగేస్తాడు. చంక కుట్టు లాగి చూస్తాడు, జిప్పు పళ్ళు గోటితో గీరుతాడు, లేబులు ఊడిపోతే దాని సూది బెజ్జాలు వెతుకుతాడు. "పైన ఎవడైనా కుడతాడే. అబద్ధం లోపలే దొరుకుద్ది" అంటాడు. ఆ మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎందుకో చెబుతాను.

మా కొట్టు మిర్చి కోల్డ్ స్టోరేజీ పక్కనే. రోహిణి ఎండల్లో కూడా ఆ చలిగదుల్లో టిక్కీ బస్తాలు మోసే హమాలీలకు మందపాటి కోట్లు కావాలి. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళ దగ్గర మూటలు కొని ఈయన బాగుచేసి ఇస్తుంటాడు. పన్నెండేళ్ళ కిందట అట్లాంటి మూటలోనే ఒక తోలు కోటు వచ్చింది. లోపల గొర్రె బొచ్చు, ఇత్తడి జిప్పు. "అసలుదే కోటేశ్వరీ! డెబ్బయ్యొకటి యుద్ధం నాటిది!" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

ఆ వారమే ఒక సినిమా కంపెనీ అట్లాంటివి ఆరు కుట్టమంది. ఇంకేముంది, కొలతలు దించుకోవడానికి ఆ కోటును ముక్కలు ముక్కలుగా విప్పేశాడు. ఎడమ జేబు కింద చిరుగుకు ఎవరో ఆకుపచ్చ పట్టుదారంతో చేపముల్లులాగా రఫ్ఫు చేసి ఉన్నారు. ఆరు కోట్లకూ అదీ దించాడు.

"చిరుగుని కూడా దించుతారా అయ్యా ఎవరైనా?" అన్నాను.

"నమూనాలో ఉందిగా" అన్నాడు. ఆయన నేర్చుకున్న పని అట్లాంటిది.

ఎండిన తోలు మళ్ళీ కుట్టడానికి పనికిరాలేదు. కొన్ని ముక్కలు హమాలీల కోట్ల మోచేతులకు అతుకులయ్యాయి. ఆ రఫ్ఫు ఉన్న ముక్క ఈయన స్టూలు మీది మెత్తకు తొడుగయింది.

మొన్న మార్చిలో కాస్ట్యూమ్స్ చూసే వేణుగోపాల్ ఒక కోటు పట్టుకుని వచ్చాడు. వెంట యాభై దాటిన ఒకావిడ. పేరు వసుంధరట, చీరాల నుంచి వచ్చింది.

"చెంచయ్యగారూ, పాత సామాన్లలో కొన్నాం ఈ కోటు. పోస్టర్లో మా హీరో ఒంటి మీద చూసి, తన నాన్నగారిదంటున్నారండీ ఈవిడ. మీరు ఔనంటే ఇచ్చెయ్యమన్నారు మా కంపెనీవాళ్ళు. కాదంటే సోమవారం షూటింగుకి పట్టుకెళ్ళిపోవాలి."

ఆవిడ జేబు కింది ఆకుపచ్చ కుట్టు మీద వేలు పెట్టింది. "ఇది మా అమ్మ చేసిన రఫ్ఫండీ. మగ్గం మీద మిగిలిన చీర దారం. నాన్న పైలట్. సెలవుకొచ్చి, చిరిగిందని కోటు ఇంట్లో వదిలి వెళ్ళాడు. యుద్ధంలో నాన్న విమానం తిరిగి రాలేదు. అప్పుడు నాకు నాలుగేళ్ళు. నాన్నదంటూ మిగిలింది ఇదొక్కటే. అమ్మ పోయాక ఇల్లు సర్దుతూ మా పిన్ని స్టీలు గిన్నెలవాడికి వేసేసింది."

మా ఆయన కోటు తిరగేశాడు. చంక కుట్టు చూశాడు. తన చేతి కుట్టు తనకు తెలియదా? ముఖంలో నెత్తురు చుక్క లేదు. లేచి ఆవిడకు కుర్చీ వేద్దామన్నా ఈయనకు వీల్లేదు. లేస్తే కింద మెత్త మీది అసలు రఫ్ఫు బయటపడుతుంది.

"తిరిగొచ్చి తొడుక్కుంటాడని అమ్మ ఆ దారంలో తన తలవెంట్రుక కూడా కలిపి కుట్టిందట" అంటూ ఆవిడ వెలుతురులో వెతికింది. "కనబడట్లేదు... ఊడిపోయుంటుందిలెండి, యాభై ఏళ్ళు దాటింది." ఈయన నోటివంకే చూస్తూ నిలబడింది.

"మీ నాన్నగారిదేనమ్మా" అన్నాడు.

ఆవిడ కోటును గుండెకు హత్తుకుని భోరుమంది. "లేవకండి అన్నయ్యగారూ" అని ఈయన కాళ్ళకు దండం పెట్టింది. ఈయన రెండు చేతులా స్టూలు అంచులు పట్టుకుని కూర్చున్నాడు. అట్లా బిగుసుకుపోయిన మనిషిని నా కాపురంలో చూడలేదు.

వాళ్ళు స్టేషనుకు వెళ్ళగానే అరిచాను. "లేవయ్యా ముందు!"

లేచాడు. కళ్ళజోడు పెట్టుకుని, వెలిసిపోయిన ఆ రఫ్ఫును సూదిమొనతో కొంచెం ఎత్తాడు. దారం మధ్యన వెంట్రుక. ఇంకా నల్లగానే ఉంది.

"రైలింకా రాలేదు, పరుగెత్తు!"

మెత్త పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. "ఇప్పుడు ఆవిడ చేతిలో కోటుందే. ఇది ఇచ్చానంటే ముక్కే మిగులుద్ది. కోసింది నేనేనని కూడా చెప్పాలి."

"చెప్పు!"

రైలు కూత వినబడింది. గుమ్మం దాటలేదు మహానుభావుడు.

ఆ రోజు నుంచి నిలబడే కుడుతున్నాడు. మోకాళ్ళు వాచిపోయాయి. మెత్తను ఉతికిన గుడ్డలో చుట్టి స్టూలు మీదే పెట్టాడు. దాన్ని నన్ను తాకనివ్వడు.

నిన్న ఆవిడ ఫోన్ చేసింది. తోలుకు ఏ నూనె రాయాలో అడిగింది. ఈయన స్పీకరులో పెట్టి చెప్పాడు.

"ఇంకో మాట అన్నయ్యగారూ" అంది. "నాన్న వాసన ఎట్లా ఉంటుందో నాకు గుర్తే లేదు. ఇప్పుడు రోజూ కోటులో మొహం పెట్టుకుంటున్నాను. కొంచెం మిరపకాయ ఘాటండీ."

ఈయన ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. అవతల ఆవిడ "హలో, హలో" అంటోంది.