ఎత్తు తగ్గిన బండి

మధ్యాహ్నం భోజనాలయ్యాక, వీధంతా కునుకు తీస్తున్న వేళ, బోర్డులాయన తన పాత మోటారుసైకిలెక్కి దేశాలు తిరిగొచ్చేవాడు. బండేమో ఇంటి ముందు రేకుల కింద స్టాండు వేసే ఉండేది, తాళంచెవి భార్య దగ్గర ఉండేది. అయితేనేం? కళ్ళు మూసుకుంటే చాలు, రోడ్డు తనంతట తనే వచ్చి చక్రాల కిందికి దూరేది. కొండ మలుపులు, పొడుగాటి వంతెనలు, వాన కడిగిన తారు. ఒక్కోసారి మలుపు దగ్గర నిజంగానే పక్కకి ఒరిగేవాడు. ఎదురింటివాళ్ళు చూసి నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీండి, వాళ్ళ సొమ్మేం పోయింది!

జన్మంతా దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి. ఇప్పుడు కళ్ళల్లో మంచు దిగింది. బండి నడపడం ఇక కూడదని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. లోకమంతా ఆయనకి తడి ఆరని రంగుల్లా కనిపిస్తుంది, ఎక్కడ చెట్టు అయిపోయి ఎక్కడ గోడ మొదలైందో తెలియదు. బాధే. కానీ అందులో ఏదో అందం కూడా ఉందని ఆయన ఎవరితోనూ అనలేదు, అంటే వెర్రివాడంటారని.

నిలబడి నిలబడి టైర్లు బీటలు వారాయి. ఒకరోజు భార్య తేల్చేసింది. బండి తను నడుపుతుంది, ఆయన వెనక కూర్చోవాలి. కాదూ కూడదంటే పాతినుము వాడికి ఇచ్చెయ్యాలి. పెళ్ళికి ముందు ఆవిడ తమ్ముడి బండి నడిపేది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు, ఆవిడా గుర్తు చేయలేదు. చిక్కల్లా ఒకటే, ఆవిడ పొట్టి. బట్టలు కుట్టే మనిషి కదా, మెళ్ళో టేపు తీసి సీటు ఎత్తు కొలిచింది, తన కాలు కొలుచుకుంది. వేలెడు తేడా వచ్చింది. మునివేళ్ళు ఆనుతాయి గానీ పాదాలు ఆనవు. కాస్త సన్న టైర్లు వేస్తే బండి ఆ మేరకు దిగుతుందని టైర్ల షాపాయన చెప్పాడట.

షాపు వీధి చివరే. ఇద్దరూ బండిని తోసుకుంటూ వెళ్ళారు. టైర్ల సంగతి ఆయనకే తెలుసని, ఆయన్నే ఎంచమని చెప్పి ఆవిడ బయట నీడలో బండి దగ్గర ఉండిపోయింది.

తెలుసుట! ఆయన టైరుకి పట్టుందో లేదో ఏనాడైనా చూశాడా? పక్కన ఉబ్బెత్తుగా పోతపోసిన అక్షరాలు చూసి కొనేవాడు. అక్షరం వంకరగా ఉంటే బంగారంతో చేసిన టైరైనా వద్దనేవాడు. అలా కొన్న అందాల టైర్లతోనే ఓసారి మొదటి వానకి జారి బురదలో పడ్డాడు. లేచి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు రోడ్డుదన్నాడు.

ఆ రోజు ఆయన కడుపులో ఇంకో సంగతి కూడా ఉంది. పాత కొలత టైర్లే వేయించాలని అనుకునే వచ్చాడు. ఆవిడ కాళ్ళు అందవు, కాబట్టి నడపదు. కొత్త టైర్లు వేసిన బండిని పాతినుముకి ఎవరిస్తారు? రేకుల కిందే ఉంటుంది, తనదిగానే ఉంటుంది. చూశారా బుద్ధి!

షాపాయన రెండు రకాలూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. బోర్డులాయన వేళ్ళతో తడిమాడు. పాత కొలత టైరు మీద అక్షరాలు గుండ్రంగా, ఒకదానికొకటి ఎడంగా, హాయిగా ఉన్నాయి. సన్నదాని మీద కిక్కిరిసిన బస్సులో జనంలా ఉన్నాయి. సన్నవైనా ఇద్దర్నీ మోస్తాయని, స్పీడోమీటరు మాత్రం ఉన్న వేగం కంటే కాస్త ఎక్కువ చూపిస్తుందని షాపాయన చెప్పాడు. "మా ఆయనకీ ఆ అలవాటుందిలెండి" అంది ఆవిడ బయటినుంచి.

పాతవే ఇమ్మనబోయాడు. అంతలో బయట పసుపు రంగు పైకి లేచింది. ఆవిడ కట్టుకున్న రంగు అది. బండెక్కి కూర్చున్నట్టుంది. ఆ పసుపు మెల్లగా ఓ పక్కకి ఒరిగింది, ఇంకా ఒరిగింది, ఠక్కున ఆగింది. బండి మీద పడబోతే కాలితో ఆపుకుందన్నమాట. పిలుస్తుందేమో అని చూశాడు. పిలవలేదు. వంగి పిక్క రుద్దుకున్నట్టుంది. నిటారుగా అయింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ ఒరిగింది.

బోర్డులాయనకి సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది.

"ఆ సన్నవే వెయ్యి" అన్నాడు. ఇంకోసారి తడిమి, "అక్షరాలు మాత్రం దరిద్రంగా ఉన్నాయి" అని సణిగాడు.

టైర్లు బిగించాక ఆవిడ ఎక్కి కూర్చుంది, ఆయన వెనక ఎక్కాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భుజం పట్టుకోమంది ఆవిడ. బండి కదిలింది. ముందున్న రోడ్డు ఆయనకి కనపడలేదు, ఆవిడ వీపు కనపడింది. చెట్లన్నీ ఆకుపచ్చగా కరిగి రెండు పక్కలా పారుతున్నాయి. కళ్ళు మూసుకోవాలనిపించలేదు.

నాలుగు రోడ్లు కలిసేచోట ఆవిడ రెండు పాదాలూ నేలకి ఆన్చి ఆగింది.

"ఎటు వెళ్దామండీ?" అని అడిగింది.

ఇన్నేళ్ళూ ఆవిడ వెనకే కూర్చుంది. ఒక్కనాడూ ఆయన ఆ మాట అడగలేదు.

"ఇన్నేళ్ళూ నువ్వు ఎటు వెళ్ళాలనుకున్నావో, అటు పోనీ" అన్నాడు.

వెనక ఎవరో హారన్ కొట్టారు. ఆవిడ ఇంటి వైపు కాకుండా, ఆయన ఎప్పుడూ వెళ్ళని రోడ్డులోకి తిప్పింది.