ఖాళీ తొట్టికి మేత

రంగనాయకులు దేన్నయినా ముందు కుదురుకోనిస్తాడు. అదొక్కటే అతని జబ్బు. కాఫీ గ్లాసు చేతికొస్తే వెంటనే తాగడు. నురగ దిగాలి, పొగ తగ్గాలి, గ్లాసు అంచు వేలికి హాయిగా తగలాలి. బస్సు వస్తే వెంటనే ఎక్కడు. దిగేవాళ్ళు దిగి, ఎక్కేవాళ్ళు ఎక్కి, లోపల జనం సర్దుకునేసరికి బస్సు వెళ్ళిపోతుంది. "పోనీలే, ఎనక ఇంకోటి ఉండాది," అంటాడు. కొత్త చొక్కా కొంటే కొక్కేనికి తగిలిస్తాడు. ఊళ్ళో అందరూ ఆ రకం మానేశాక తీసి తొడుక్కుంటాడు.

పెళ్ళిలో పురోహితుడు గట్టిమేళం అని కేకవేస్తే, తాళి పట్టుకుని ఆగిపోయాడట. కట్టవయ్యా అన్నారు పెద్దలు. "డోలు ఇంకా తాళంలో పడలేదు. కుదురుకోనీండి," అన్నాడట. భార్య మహాలక్ష్మి ఇప్పటికీ ఆ సంగతి చెప్పి మెడ రుద్దుకుంటుంది. "తల వంచుకోని కూర్చోనుండా. అప్పుడు పట్టేసిన మెడ ఇంకా వదల్లా."

దొరవారిసత్రంలో ఇదంతా అందరికీ ముద్దు. ఒక్క మాల్యాద్రికి తప్ప.

మాల్యాద్రి అతని చెల్లెలు ప్రమీలమ్మ మొగుడు. ఎదురిల్లే. పులికాట్ వైపు రొయ్యల గుంటలు చేస్తాడు. మోటారుసైకిల్ ఆగకముందే దిగే మనిషి. పెరుగు వడ్డిస్తుంటే చెయ్యి కడిగేసుకునే మనిషి. కష్టపడతాడు, అడిగినవాళ్ళకు లేదనడు. అయినా సాయంత్రమయ్యేసరికి వీధిలో చెప్పులన్నీ రంగనాయకులు గడప ముందే ఉంటాయి. తన గడప ముందు తనవి, ప్రమీలమ్మవి. ఒక్కోసారి ప్రమీలమ్మవి కూడా ఎదురింటి ముందే.

"ఏముండాది ఆడ?" అని ఒకరోజు అడిగాడు.

"మా అన్న కూర్చోబెట్టి మాట్లాడతాడు."

"నేను మాట్లాడనా?"

"నువ్వు నిలబడి మాట్లాడతావు," అంది ప్రమీలమ్మ.

ఆ చెప్పులు మాల్యాద్రి కంట్లో నలుసులా ఉండేవి. ఎలాగైనా వాటిని ఈ గడపకు తిప్పుకోవాలని అతని కోరిక. అలాంటి రోజుల్లో రంగనాయకులు ఇంటికి అద్దాల తొట్టి వచ్చింది.

సముద్రం ఇంట్లో ఉంటే మనసుకు కాస్త నిదానం వస్తుందని అతను చెప్పాడు. ఇంకా ఎంత నిదానం కావాలో మహాలక్ష్మికి అర్థం కాలేదు. తొట్టి చెన్నై నుంచి వచ్చింది. నీళ్ళు తూపిలిపాళెం సముద్రం నుంచి క్యాన్లలో వచ్చాయి. అడుగున తెల్లటి ఇసుక, మధ్యలో చిల్లుల రాళ్ళు, నీళ్ళను తిప్పే చిన్న మోటారు. జనం వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"చేపలేవన్నా?"

"నీళ్ళు కుదురుకోనీ."

ఆ వారమే మాల్యాద్రి అంతకు రెట్టింపు తొట్టి దించాడు. సాయంత్రానికి నీళ్ళు నింపాడు. మర్నాడు తెల్లారగానే తడ దాటి చెన్నై పోయి, గాలి నింపిన సంచుల్లో చేపల్ని తెచ్చాడు. నారింజ రంగువి, పసుపువి, నీలంవి. సంచులు ఇంకా కారులో ఉండగానే రంగనాయకులు వచ్చాడు.

"ఒకటి వెయ్యి మాల్యాద్రీ. అది నిలబడితే ఇంకోటి వేద్దువు."

"బావా, గుంటలో లక్షల రొయ్యపిల్లల సీడు ఒక్క పూటలో దించేవాణ్ణి. నాకు చేపలెయ్యడం నేర్పతావా?"

"గుంటలో మట్టి ఉండాది. నువ్వు సీడు తెచ్చేలోగా ఆ మట్టి దాని పని అది చేసుకుంటది. ఇది అద్దం."

"అద్దమే. కనపడాలనే గదా చేపలేస్తా ఉండేది."

అన్ని సంచులూ ఒక్కసారే విప్పేశాడు. నిజంగానే బాగుంది. వీధి వీధంతా వచ్చింది. గడప ముందు చెప్పులకు చోటు చాలలేదు. మాల్యాద్రి లోపల ఉండలేక మాటిమాటికీ బయటికొచ్చి వాటిని చూసుకున్నాడు.

ఎదురింట్లో రంగనాయకులు ఖాళీ తొట్టికి మేత వేయడం మొదలుపెట్టాడు.

పులికాట్ ఒడ్డు నుంచి గంప తెచ్చే పిచ్చమ్మను ఆపి, ఒక రొయ్య అడిగాడు.

"ఒక కేజీనా?"

"ఒక రొయ్య."

"ఒక రొయ్య ఎవురికి సామీ?"

"తొట్టికి."

పిచ్చమ్మ గంప దించి లోపలికి తొంగి చూసింది. నీళ్ళు. రాళ్ళు. "దాంట్లో ఎవురుండారు?"

"వస్తారు."

"రానోళ్ళకు కూడు పెట్టేవాణ్ణి నిన్నే చూస్తా ఉండా," అంది పిచ్చమ్మ. అప్పటినుంచి ఒక రొయ్యను విడిగా ఆకులో చుట్టి తెచ్చేది. వీధి మొదట్లోనే కేక వేసేది: "మహాలక్ష్మమ్మా, మీ ఇంటికి రాని చుట్టాలకు భోజనం తెచ్చినా."

రంగనాయకులు అందులో గోరంత ముక్క గిల్లి నీళ్ళలో వేసి, మిగిలింది పిల్లికి పెట్టేవాడు. ఆ పిల్లి మాల్యాద్రిది. అది కూడా మకాం మార్చింది.

జనం కూడా మెల్లగా మారిపోయారు. మాల్యాద్రి తన చేపల పేర్లన్నీ గబగబా చెప్పేసేవాడు. అంతటితో అయిపోయేది. చూసినవాళ్ళకు ఇంటికి పోవడం తప్ప పని ఉండేది కాదు. ఎదురింట్లో అలా కాదు. నిన్న అద్దానికి గోధుమరంగు పట్టింది. ఇవాళ అది పోయి పచ్చ వచ్చింది. ఒకరోజు రాతి చిల్లులోంచి వెంట్రుకంత కాలు బయటికి వచ్చి, అటూ ఇటూ తడిమి, మళ్ళీ లోపలికి పోయింది. అది ఎవరి కాలో ఎవరికీ తెలియదు. మళ్ళీ వస్తుందేమోనని జనం కూర్చునేవారు. పైగా మహాలక్ష్మి కాఫీ ఇచ్చేది. ఆ ఇంట్లో కాఫీ కుదురుకునేదాకా లేవకూడదు.

"నా తొట్టి నిండా చేపలుండాయి," అన్నాడు మాల్యాద్రి భార్యతో. "ఆయన తొట్టిలో ఒక కాలుండాది. జనం కాలు చూడ్డానికి పోతా ఉండారు."

"నేను కూడా ఇంకా చూడలేదు," అని ప్రమీలమ్మ చెప్పులు వేసుకుంది.

ఈలోగా చేపలు చచ్చిపోవడం మొదలైంది. తెల్లారి లేస్తే ఒకటి పక్కకు ఒరిగి ఉండేది. మాల్యాద్రి ఎవరూ చూడకుండా కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టి, చెన్నై పోయి అదే రంగుది తెచ్చి వేసేవాడు. వీధికి తెలియకూడదు. ముఖ్యంగా బావకు తెలియకూడదు. నీళ్ళు తగ్గితే తూపిలిపాళెం నుంచి మళ్ళీ సముద్రపు నీళ్ళే తెచ్చి పోసేవాడు. ఆవిరై పోయేది నీళ్ళేనని, ఉప్పు తొట్టిలోనే మిగులుతుందని, దాని మీద తాను ఇంకా ఉప్పు పోస్తున్నానని అతనికి తోచలేదు. సముద్రం అంత దగ్గర ఉంటే మంచినీళ్ళు పోయాలని ఎవరికి తోస్తుంది?

"ఈ ఏడు కొబ్బరిచెట్టు బాగా కాస్తది," అంది ప్రమీలమ్మ.

మొదటినుంచీ నిలిచింది ఒక్కటే. నారింజ ఒంటి మీద తెల్లచారల చేప. మోటారుసైకిల్ చప్పుడు వినగానే అద్దం దగ్గరికి వచ్చేది. మాల్యాద్రి దానికి చిట్టి అని పేరు పెట్టాడు. గుంటల్లో లక్షల రొయ్యల్ని పెంచాడు గాని, ఒక్కదానికీ పేరు పెట్టలేదు. చిట్టి ముందు మాత్రం కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అతను కూర్చోగలడని ప్రమీలమ్మకు అప్పుడే తెలిసింది.

ఆ దశలో మాల్యాద్రి రొయ్యల రైతులందరినీ ఆదివారం భోజనానికి పిలిచాడు. తొట్టి చూపించాలి. ఎదురింటి ముందు ఎప్పుడూ లేనన్ని చెప్పులు తన గడప ముందు ఉండాలి. శుక్రవారం చెన్నై నుంచి ఒక విడత కొత్త చేపల్ని తెచ్చి దించాడు. ఘనంగా ఉండాలని మేత కూడా గుప్పిటతో వేశాడు.

శనివారం మధ్యాహ్నానికి నీళ్ళు గంజిలా అయిపోయాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. గుంటకు చేసినట్టే చేశాడు మాల్యాద్రి. గాలి మోటారు ఇంకొకటి పెట్టాడు. దానితో ఏమీ కాలేదు. చిట్టి మూలన ఇసుక మీద ఒరిగి ఉంది. చప్పుడు చేసినా రాలేదు.

"మా అన్నను పిలవనా?" అంది ప్రమీలమ్మ.

"వద్దు."

ఇంకో చేప వెల్లకిలా తిరిగింది.

"పిలవనా?"

మాల్యాద్రి వల గరిటెతో బతికున్నవాటిని బకెట్‌లోకి తీసి, తానే పట్టుకుని వీధి దాటాడు. కాళ్ళకు చెప్పులు కూడా వేసుకోలేదు.

రంగనాయకులు అప్పుడే కాఫీ చేతిలోకి తీసుకున్నాడు. బకెట్ వైపు చూశాడు. పొగలు కక్కుతున్న కాఫీని ఒక్క గుక్కలో తాగేసి లేచాడు. మహాలక్ష్మి గోడ పట్టుకుంది. పెళ్ళయ్యాక ఆమె అలాంటిది చూడలేదు.

"బావా, నీ తొట్టి కుదురుకోలేదంటివే. వీటిని దాంట్లో వెయ్యొచ్చా?"

"కుదురుకొని చానాకాలమైంది." నాలుక కాలడంతో మాట ముద్దగా వచ్చింది.

"మరి చేపలెందుకు వెయ్యలా?"

"వేసుంటే వీటినిప్పుడు యాడ పెడదుము?"

మాల్యాద్రికి ఆ మాట వెంటనే ఎక్కలేదు. మహాలక్ష్మి చెప్పింది. "నువ్వు ఆ సంచులు తెచ్చినరోజే అనుకున్నాడు తమ్ముడూ. మాల్యాద్రి చేపలకు ఒకనాటికి ఇల్లు కావాల్సొస్తది, మనది ఖాళీగా ఉంచుదామని. అప్పట్నించి నీళ్ళు చూస్తా కూర్చోనుండాడు."

"మరి ఆ రొయ్య?"

"చేపలు విడిచే విషాన్ని తినేవి ఉంటాయి, కంటికి కనపడవు," అన్నాడు రంగనాయకులు. "అవి పుట్టేదానికే అన్నాళ్ళు పడతాది. పుట్టినాక తిండి లేకపోతే చచ్చిపోతాయి. అందుకని రొయ్య మురగబెట్టి మేపతా ఉండా."

మాల్యాద్రికి గుండె నిండింది. దాని పక్కనే అసూయ కూడా వచ్చి కూర్చుంది. ఊరంతా నవ్వుతుంటే నోరెత్తకుండా ఉండటం కూడా ఈ మనిషికే చేతనవ్వాలా?

బకెట్‌ను తొట్టిలోకి వంచబోయాడు. రంగనాయకులు చెయ్యి పట్టుకున్నాడు. చిన్న మగ్గుతో తొట్టిలో నీళ్ళు తీసి బకెట్‌లో కొద్దిగా పోశాడు. ఆగాడు.

"చచ్చిపోతాయి బావా. వేసెయ్యి."

"నీ నీళ్ళలో ఉప్పెక్కువ. ఒక్కసారిగా మారిస్తే తట్టుకోలేవు. కుదురుకోనీ."

ఇంకొంచెం పోశాడు. మళ్ళీ ఆగాడు. మాల్యాద్రి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. చివరికి బకెట్ పక్కనే నేలమీద కూర్చుండిపోయాడు. మహాలక్ష్మి కాఫీ తెచ్చింది. అది చల్లారిపోయిన సంగతి కూడా అతనికి తెలియలేదు. వెలుగు వాకిట్లోంచి వెనక్కి పోతుండగా, బకెట్‌లో చిట్టి నిటారుగా తిరిగింది.

ఆదివారం రొయ్యల రైతులు వచ్చారు. మాల్యాద్రి తొట్టిలో నీళ్ళు కూడా లేవు. ఏం చెప్పాలో తెలియక అతను మోటారుసైకిల్ తుడుస్తున్నాడు. రంగనాయకులు వీధి మధ్యలోకి వచ్చి అందరినీ తన ఇంట్లోకి పిలిచాడు.

"ఇవి మాల్యాద్రి చేపలు," అన్నాడు. "నా తొట్టి ఊరికే ఉండాదని జాలిపడి ఇచ్చినాడు. ఎన్నాళ్ళని నీళ్ళు చూస్తాను?"

అందరూ బయటికొచ్చి మాల్యాద్రి భుజం తట్టారు. బంగారం లాంటి బావమరిది అన్నారు. మాల్యాద్రి మోటారుసైకిల్ అద్దాన్ని ఇంకాసేపు తుడిచాడు.

తర్వాత అతను కూడా నీళ్ళు పోసి, రాళ్ళు పెట్టి కూర్చున్నాడు. పిచ్చమ్మ ఆకు విప్పుతూ, "నీ ఇంటికి కూడా చుట్టాలు రావడం మానేసినారా?" అంది. పిల్లి తిరిగి వచ్చింది. అద్దానికి గోధుమరంగు పట్టింది, పచ్చ పట్టింది. ఒక సాయంత్రం రాతి చిల్లులోంచి వెంట్రుకంత కాలు బయటికి వచ్చింది. మాల్యాద్రి వీధిలోకి పరుగెత్తి అందరినీ పిలిచాడు. వాళ్ళు వచ్చేసరికి అది లోపలికి పోయింది. మళ్ళీ వస్తుందేమోనని కూర్చున్నారు. ప్రమీలమ్మ కాఫీ పెట్టింది.

అలా చాలా రోజులు గడిచాక రంగనాయకులు వచ్చి, చిన్న గాజుగొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి చూశాడు. రంగు బాగుంది. "నీది కుదురుకుంది మాల్యాద్రీ. రేపు బకెట్ తీసుకోని వచ్చి చిట్టిని తెచ్చుకో," అన్నాడు.

మర్నాడు మాల్యాద్రి బకెట్‌తో వెళ్ళాడు. రంగనాయకులు తొట్టి ముందు కుర్చీలో ఉన్నాడు. అద్దం మీద అతని వేలు ఎటు పోతే చిట్టి అటు పోతోంది. తన మోటారుసైకిల్ చప్పుడుకు వచ్చిన చేప, ఇప్పుడు బావ వేలికి వస్తోంది. మాల్యాద్రి బకెట్ ముందుకు చాపాడు. అంతలో బావ ముఖం కనిపించింది. చిట్టిని వదులుకోవడానికి ఆ ముఖం ఇంకా సిద్ధపడలేదు.

మాల్యాద్రి వెనక్కి తిరిగి తన గడప వైపు చూశాడు. నిండా చెప్పులు. కాలు కోసం కూర్చున్నవాళ్ళవి.

"ఇంకా కుదురుకోలేదు బావా," అన్నాడు.

"నిన్న నేనే చూసినా గదా."

"నువ్వు మరీ తొందరపడతా ఉండావు."

రంగనాయకుల్ని ఆ మాట అన్నవాళ్ళు ఊళ్ళో అంతకుముందు లేరు. అతను వేలు మళ్ళీ అద్దం మీద పెట్టాడు. మాల్యాద్రి ఖాళీ బకెట్ ఊపుకుంటూ ఇంటికి బయల్దేరాడు. కాస్త గబగబానే నడిచాడు. తన ఇంట్లో కాఫీ కుదురుకుంటోంది.