నా బర్రె మీద మనవరాలి పరిశోధన

“బర్రె గుర్తుపట్టేది నిన్ను కాదవ్వా, నీ చీర వాసనను.”

“ఏందే పిల్లా! దూడప్పటి సంది సాకిన. గడ్డేసేది నేనా, చీరనా?”

తొంభైల చివర్లో, బాన్సువాడలో మా కొట్టం ముందు జరిగిన కొట్లాట ఇది. మనవరాలు సునీత పశువైద్య కళాశాలలో పశువుల ప్రవర్తన మీద పరిశోధన చేస్తూ, సెలవులకొచ్చి నా బర్రె మీద పడింది. మర్నాడు బిచ్కుందలో మా చెల్లెలి మనవడి పెళ్లి. నేను పిండితే తప్ప బర్రె పాలు చేపదు కాబట్టి, ఏ పెళ్లికీ పోయి ఎరుగను; ఈ పెళ్లికి కట్టుకొమ్మని చెల్లెలు పంపిన కొత్త చీర కూడా పెట్టెలోనే ఉంది. మంచి చీరలు పాడుకావొద్దని పాలు పిండటానికి ఏళ్ల తరబడి ఒకటే ఆకుపచ్చ చీర కట్టేదాన్ని.

“అయితే ఇయ్యాల పెళ్లి చీర కట్టుకొని పిండు, చూద్దాం” అంది సునీత.

పంతానికి కట్టాను. పొదుగు మీద చెయ్యి వేశానో లేదో, బర్రె ఒక్క తన్ను తన్నింది. చెంబు గోడ దగ్గర, నేను పెళ్లి చీరతో సహా పేడలో పడ్డాం.

పక్కింటి ఖైరున్ గోడ మీంచి చూసి, “అక్కా, దావత్‌కు గిట్లనే పోతవా?” అని ఒకటే నవ్వు.

సునీత నా పాత ఆకుపచ్చ చీర చుట్టుకొని పాలు పిండ కూర్చుంది. బర్రె చెంబు నిండా పాలిచ్చింది.

ఆ పూటంతా నేను బర్రెతో మాట్లాడలేదు. కానీ ఒకటి అర్థమైంది. ఇంట్లో ఆ చీర ఉంటే చాలు, నేను ఉండక్కర్లేదు.

మర్నాడు పొద్దున సునీత ఆకుపచ్చ చీరలో పాలు పిండుతుంటే, నేను ఉతికి ఆరేసిన పెళ్లి చీర కట్టుకొని బిచ్కుంద బస్సెక్కాను.