వైరు నీడ

కొత్త మానిటర్ పెట్టె విప్పగానే వచ్చే ప్లాస్టిక్ వాసన, థర్మాకోల్ కిర్రుమనే చప్పుడు. ఈ ఉదయం ఖమ్మంలో మా ఎక్స్‌రే గదిలో ఆ రెండూ కలిసేసరికి సుగుణక్క గుర్తొచ్చి నా చెయ్యి ఆగిపోయింది. భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న ఒక చిన్న దవాఖానాలో ఆమె సీనియర్ టెక్నీషియన్. నేను అప్పుడే కోర్సు పూర్తిచేసి చేరినదాన్ని. ఎముక ఫొటో తియ్యడం కాలేజీలో నేర్చుకున్నాను. దాన్ని చూసి ఏం మాట్లాడాలో మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

అక్కడ కూడా ఒకసారి ఇట్లాగే కొత్త మానిటర్ వచ్చింది. ఆ వారం అక్క సెలవులో ఉంది. పెట్టెలో కొత్తరకం డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ ఉన్నా దాన్ని పక్కన పడేసి, పాత మానిటర్‌కు వాడిన వీజీఏ వైరే బిగించాను. దానికి రెండు పక్కలా మరలుంటాయి కదా, తిప్పితే ఇక కదలదు, గట్టిగా ఉన్నదే మంచిదని నా తెలివి! తెర వెలిగింది, బొమ్మ వచ్చింది, ఇంకేం కావాలి? కాకపోతే ప్రతి ఎముక అంచు పక్కనా ఇంకో సన్నటి బూడిద గీత కనిపించేది. వైరు పాతది, పైగా పొడవు. అందువల్లే నీడ పడుతోందని తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. మూడు రోజుల్లో కళ్ళు దానికి అలవాటు పడిపోయాయి.

నాలుగో రోజు ముత్తమ్మ వచ్చింది. బీడీల తునికాకు కోస్తూ వాగు రాళ్ళ మీద జారిపడిందట, కుడి మణికట్టు వాచిపోయింది. డాక్టరుగారు తెర మీద వేలు పెట్టి, "ఇక్కడ గీతలా ఉందేంటమ్మా?" అని అడిగారు. "వైరు నీడ సార్, అన్నిట్లో వస్తోంది" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆయన నమ్మారు. నొప్పి బిళ్ళలిచ్చి, బ్యాండేజీ చుట్టించి పంపేశారు.

మర్నాడు అక్క వచ్చీ రాగానే, "ఏంది పిల్లా ఇది? ప్రతి బొక్క రెండు రెండు కనబడుతుంది!" అన్నది. నేను వైరుకు మరలు బిగించిన సంగతి గొప్పగా చెప్పాను. "బిగుతు చూస్తవా, బొమ్మ చూస్తవా? పెట్టెల వచ్చిన వైరు ఏది?" అని, కంప్యూటర్ వెనకా మానిటర్ వెనకా ఆ వైరు పట్టే డిస్‌ప్లే పోర్ట్ ఉన్నదని చూపించి, తనే మార్చింది. నీడలన్నీ పోయాయి. నిన్నటి ఫొటోలు ఒక్కొక్కటే తెరుస్తూ ముత్తమ్మ మణికట్టు దగ్గర ఆగింది. గీత అక్కడే ఉంది. అది వైరు నీడ కాదు, ఎముక విరిగిన గీత.

"సార్‌కు చెప్తనక్కా" అన్నాను ఏడుస్తూ.

"సార్‌కు ఇప్పుడే చెప్పు. ఆమెకు గూడ నువ్వే చెప్పాలె. నడువ్."

సార్‌కు చెప్పి, అక్కతో కలిసి బయలుదేరాను. ముత్తమ్మ ఊళ్ళో ఫోన్ కలవదు. కొంత ఆటోలో, కొంత నడిచి వెళ్ళేసరికి ఆమె ఎడమచేత్తో, పళ్ళతో ఆకు కట్టకు ముడి వేస్తోంది. "అమ్మా, నీ బొక్క విరిగింది. లేదని చెప్పింది నేనే. తప్పు నాది" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "గీ మాట చెప్పటానికి ఇంత దూరం వచ్చిన్రా?" అన్నది. ఆ రోజే దవాఖానాకు తీసుకొచ్చి పిండికట్టు వేయించాం. చెయ్యి దక్కింది. తిరుగుదారిలో అక్క నన్ను తిట్టలేదు. "తెల్వకపోతే తెల్వదను. కనబడ్డది మాత్రం దాచకు. గంతే" అన్నది.

నేను ఖమ్మం వచ్చిన చాలా ఏళ్ళకు, దగ్గు తగ్గడం లేదని అక్క నా దగ్గరికే వచ్చింది. ఛాతీ ఫొటో నేనే తీశాను. ఎడమ ఊపిరితిత్తిలో మచ్చ. మంచి మానిటర్, మంచి కేబుల్. అయినా వంగి వైరు ఊడదీసి మళ్ళీ పెట్టాను. దేవుడా, ఈ ఒక్కసారికి తప్పు దీనిదే కానీయమని మొక్కుకున్నాను. మచ్చ అట్లాగే ఉంది. వెనక నిలబడ్డ అక్క, "నాకు కనబడుతనే ఉంది. నీ నోటితోని చెప్పు" అన్నది.

"ఉన్నదక్కా."

"అవ్. గట్ల చెప్పాలె" అని నా తల నిమిరింది.

ఆమె పోయి రెండేళ్ళు. ఇప్పుడు తెర మీద ఏ అనుమానం కనిపించినా ఉన్నదున్నట్టు డాక్టరుకు చెబుతాను. చెప్పాక, ఆ చెయ్యి మళ్ళీ తల మీద పడుతుందేమోనని ఒక్క క్షణం అట్లాగే కూర్చుంటాను.